దుకాణం గోడ మీద ఎర్రగీత

మా పదో తరగతి అబ్బాయి ఒకడు పాత రాతిక్వారీ నీళ్ళలో మునిగి చనిపోయిన రోజున మా పట్టణం ఉలిక్కిపడి మేల్కొంది. పరీక్షలు అయిపోయిన సంతోషంలో స్నేహితులతో కలిసి మిట్టమధ్యాహ్నం తాగాడు. ఈత బాగా వచ్చినవాడే. తాగాక వచ్చిన ధైర్యానికి ఆ ఈత సరిపోలేదు. అతనికి నేను పాఠాలు చెప్పాను. అతని గురించి ఇంతకన్నా రాయను. ఇప్పుడు రాయవలసింది పట్టణం గురించి, ఎందుకంటే అది చేసిన కృషి అసాధారణమైనది.

వారం తిరగకుండానే పిల్లల మద్యపాన నివారణ సంఘం ఏర్పడింది. కలప అడితి యజమాని అధ్యక్షుడయ్యాడు. ఆయన ఆరడుగుల మనిషి. ఏ గుమ్మంలోంచి వచ్చినా తల వంచే వస్తాడు కనుక వినయశీలి అని పేరు. ఉపాధ్యక్ష పదవి మద్యం దుకాణం యజమానికి దక్కింది. ఈ విషయంలో ఆయనకున్న అనుభవం పట్టణంలో మరెవరికీ లేదని సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. పోయిన అబ్బాయి కుటుంబం తరఫున అతని మేనమామను, అంటే బజారులోని దర్జీని, కార్యదర్శిగా తీసుకున్నారు. బడి తరఫున నన్ను చేర్చారు. సమావేశాలు మద్యం దుకాణం మేడ మీద హాల్లో జరిగేవి. పట్టణంలో ఏసీ ఉన్న హాలు అదొక్కటే. పిల్లల భవిష్యత్తు గురించి చెమటలు కక్కుతూ ఆలోచించడం ఎవరికీ సాధ్యం కాదు కదా.

మొదటి సమావేశంలోనే ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. ఆ రోజు క్వారీకి వెళ్ళిన పిల్లల్లో ఒకణ్ణి పిలిచి, ఈ అలవాటు ఎక్కడ మొదలైందో భయపడకుండా చెప్పమన్నారు. వాడు నిజంగానే భయపడకుండా చెప్పేశాడు.

"దర్జీ మావయ్య కొత్త షాపు తెరిచిన రోజండీ. వాడికి గ్లాసులో పోసిచ్చారు. మగపిల్లాడివి, ఒక్క గుక్కకేం కాదురా అన్నారు. వాడు తాగేసి మొహం వికారంగా పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడుగారు ఈల కూడా వేశారు."

ఉపాధ్యక్షుడు లేచి ఏసీ కాస్త పెంచాడు. తర్వాత అధ్యక్షుడు గొంతు సవరించుకుని, ఇళ్ళలోనూ వేడుకల్లోనూ పెద్దల సమక్షంలో జరిగేది మద్యపానం కిందికి రాదని, అది ముచ్చట అని, కుటుంబాల ముచ్చట్లలో తలదూర్చే హక్కు సంఘానికి లేదని నిర్ణయం ప్రకటించాడు. కుర్రవాడికి బిస్కెట్ ఇచ్చి పంపేశారు. ఇక మిగిలింది దుకాణం.

దుకాణంలో పిల్లలకు అమ్మకూడదని చట్టం ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. కానీ వచ్చినవాడి వయసు తెలిసేదెలా? అడగవచ్చు కదా అన్నాను. ఉపాధ్యక్షుడు నావైపు జాలిగా చూశాడు.

"టీచర్ గారూ, గిరాకీ గుమ్మంలోకి రాగానే నీ వయసెంత అని అడిగితే మర్యాదగా ఉంటుందాండీ? మీసాలొచ్చిన మనిషి చిన్నబుచ్చుకోడూ? పోనీ అడిగామే అనుకోండి. మనూళ్ళో సగం మందికి రెండేసి పుట్టినరోజులు. బళ్ళో వేసినప్పుడు రాయించింది ఒకటి, అమ్మకు గుర్తున్నది ఒకటి. దేన్ని నమ్మమంటారు?"

ఈ వాదనకు సభ్యులందరూ తలలూపారు. అప్పుడు అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు. లేవగానే ఆయన తల ఫ్యాను రెక్కకు తగలబోయింది. ఆ క్షణంలోనే ఆయనకు ఆలోచన వచ్చిందని తర్వాత సన్మానాల్లో చెప్పుకున్నారు.

"వయసు అబద్ధం ఆడొచ్చు. ఎత్తు అబద్ధమాడదు!"

హాలు మారుమోగింది. దుకాణం గోడ మీద ఒక గీత గీయాలి. తల ఆ గీతను దాటినవాళ్ళు పెద్దవాళ్ళు, దాటనివాళ్ళు పిల్లలు. అడగడాలు లేవు, చిన్నబుచ్చడాలు లేవు. ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టకపోవడం గురించి పలువురు బాధపడ్డారు.

గీత ఎంత ఎత్తులో ఉండాలన్నది కూడా క్షణంలో తేలిపోయింది. అధ్యక్షుణ్ణి గోడకు ఆనించి నిలబెట్టి ఆయన గడ్డం దగ్గర గుర్తు పెట్టారు. సమాజానికి ఆయన ఆదర్శం కనుక అందరూ కనీసం ఆయన గడ్డం దాకానైనా ఎదగాలని భావం. టేపు పట్టుకునే గౌరవం దర్జీకి దక్కింది. అతను స్టూలెక్కి, పోయిన మేనల్లుణ్ణి తలచుకుని కళ్ళు తుడుచుకుని, టేపు బిగువుగా లాగి పట్టుకున్నాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. పెయింటరు ఎర్రరంగుతో గీత గీశాడు. కింద అందమైన అక్షరాలతో 'మన పిల్లలే మన సంపద' అని రాశాడు. ఫోటోలు దిగారు.

మర్నాడు సాయంత్రం ఆ గీత ఆపిన మొట్టమొదటి పిల్లవాడు దర్జీ.

"ఏంటి బావా, ఆట పట్టిస్తున్నావా? నాకు పెళ్ళీడు కొడుకున్నాడు!"

"నాకు తెలీదేంటి?" అన్నాడు కౌంటరు వెనకనుంచి ఉపాధ్యక్షుడు. "నీ పెళ్ళిలో బంతి నిండా నేనేగా వడ్డించింది. కానీ గీత దాటాలి మరి. కొలిచింది నువ్వే."

"కొలిచినప్పుడు స్టూలు మీదున్నాను కదయ్యా!"

"ఇప్పుడు దిగావుగా. రూలు రూలే బావా. రేపు పేపర్లో పడితే సంఘం పరువేం కాను?"

వాళ్ళిద్దరూ ఇలా వాదించుకుంటూ ఉండగా దర్జీ మేనకోడలు మావయ్యను అన్నానికి పిలవడానికి వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్ల. పోయిన అబ్బాయికి చెల్లెలు. ఆ ఏడాది ఉన్నట్టుండి పొడుగు సాగింది. బళ్ళో అందరూ నిచ్చెన అంటారు. తండ్రి లేడు. తల్లి ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. వాళ్ళుండేది దర్జీ ఇంట్లోనే. నిచ్చెన వచ్చి గోడ పక్కన నిలబడగానే ఆమె పాపిడి ఎర్రగీతకు పైన కనబడింది. ఇద్దరు పెద్దమనుషులూ మాట ఆపి అటు చూశారు. ఉపాధ్యక్షుడు సీసా తీసి కాగితంలో చుట్టి, మర్యాదగా, రెండు చేతులతో ఆ పిల్లకు అందించాడు. నియమం తుచ తప్పకుండా అమలైంది.

ఆ తర్వాత పట్టణంలో వచ్చిన మార్పులు చూస్తే కళ్ళు చెమర్చాయి. ఇంతకుముందు తల్లిదండ్రుల సమావేశానికి పిలిస్తే బడివైపు తొంగిచూడని పొట్టి పెద్దలందరూ సాయంత్రం గంట కొట్టేసరికి గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడసాగారు. పొడుగు పిల్లలు బయటికి రాగానే వాళ్ళ సంచులు తామే మోసేవారు. తాపీ మేస్త్రి ఒకాయన తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి "తమరు" అనడం నేను చెవులారా విన్నాను. విద్య పట్ల పెద్దల శ్రద్ధ పెరిగిందని సంఘం హర్షం వెలిబుచ్చింది. ఆటస్థలంలో వేలాడే ఇనుప కడ్డీకి ఎప్పుడూ లేని గిరాకీ వచ్చింది. పిల్లలు అన్నం మాని దానికి వేలాడుతున్నారని వ్యాయామం మాస్టారు పొంగిపోయాడు. చెప్పుల దుకాణంవాడు ఇటుకంత మందం అట్టలున్న బూట్లు తెప్పించాడు. ఏడో తరగతి పిల్లలు అవి తొడుక్కుని మెట్లమీద పడిపోయి మోకాళ్ళు పగలగొట్టుకున్నారు. పిల్లలు తొందరగా పెద్దవాళ్ళు కావాలని కోరుకోవడం మంచి లక్షణమేనని అధ్యక్షుడు ఒక సభలో అన్నాడు.

ఇంకొక పద్ధతి దానంతటదే పుట్టింది. సీసా తెచ్చిన పిల్లకో పిల్లవాడికో అందులోంచి ఒక మూతెడు పోసి ముందు రుచి చూడమనేవారు. బజారులో కల్తీ ఎక్కువైందట, చిన్నపిల్లల నాలుకకు తేడా ఇట్టే తెలుస్తుందట. కొందరు పిల్లలు తేడా చెప్పడంలో బాగా రాటుదేలారు. ఉదయం మొదటి పీరియడ్‌లో వాళ్ళ కళ్ళు ఎర్రగా ఉండేవి.

ఒకరోజు బడి వదిలాక నిచ్చెన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. వంగి నిలబడడం అప్పటికే అలవాటు చేసుకుంటోంది.

"టీచర్, ఎదక్కుండా ఉండటానికి మందేమైనా ఉంటుందా?"

"అలా ఎందుకడుగుతున్నావమ్మా?"

"మావయ్య రోజూ పంపిస్తున్నాడు టీచర్. నిన్న మూతలో పోసి తాగమన్నాడు. నేను తొట్టిలో పారబోశాను. మీ అన్నయ్యయితే గుటుక్కున తాగేవాడే అన్నాడు. అని, కూర్చుని ఏడ్చాడు. మళ్ళీ పోశాడు."

"అమ్మకు చెప్పావా?"

"అమ్మ విని మంచినీళ్ళు తాగి పడుకుంది. తమ్ముణ్ణేమంటుంది? ఇల్లు మావయ్యది. మీరేమైనా అంటారా టీచర్?"

అంటానన్నాను. సంఘం ముందు అన్నాను కూడా. కార్యదర్శి అయిన దర్జీ తల వంచుకుని ఇంచిటేపును వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. అధ్యక్షుడు ఓపికగా విన్నాడు. పిల్లలు తమకోసం కొనకుండా చూడటం సంఘం బాధ్యత అని, ఈ అమ్మాయి తనకోసం కొనడం లేదని, పైగా పెద్దల మాట వింటోందని, ఇటువంటి పిల్లలను మనం ప్రోత్సహించాలని చెప్పాడు. ఆమెకు ఉత్తమ బాలిక బహుమతి ఇవ్వాలని అక్కడికక్కడే తీర్మానించారు.

ఆ బహుమతి వార్షికోత్సవం నాడు ఇచ్చారు. మేడ మీద హాలు నిండిపోయింది. అబ్బాయి ఫోటోకు దండ వేశారు. అధ్యక్షుడి ఉపన్యాసం నుంచి కొన్ని మాటలు ఇక్కడ ఇవ్వడం నా విధి.

"సోదర సోదరీమణులారా! ఈ ఏడాది కాలంలో గీతకు కిందున్న ఒక్కరంటే ఒక్కరికి కూడా మన దుకాణంలో చుక్క మద్యం అమ్మలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను! గీత కిందున్న మన దర్జీగారికి కూడా అమ్మలేదు. ఇంతకన్నా నిజాయితీ ఎక్కడుంటుంది? ఈ గీత మన పిల్లల చుట్టూ మనం కట్టిన కోట! చెల్లెమ్మా, ఇలా రా. చూడండి, ఈ బిడ్డ ఎలా ఎదిగిందో. మీ అన్నయ్య పైనుంచి చూసి గర్వపడుతుంటాడమ్మా."

చప్పట్లు మోగాయి. నిచ్చెన బహుమతిగా ఇచ్చిన స్టీలు గ్లాసుల సెట్టు తీసుకుని పక్కకు జరిగింది. తర్వాత పెద్దలు విజయోత్సవానికి కూర్చున్నారు. కాసేపటికి బల్లల మీద సరుకు నిండుకుంది. కింద దుకాణంలో ఉంది, కానీ తెచ్చేదెవరు? కూర్చున్నవాళ్ళలో చాలామంది గీత కిందివాళ్ళు. గీత పైనున్న అధ్యక్షుడు వెళ్ళవచ్చు కానీ, మద్యపాన నివారణ సంఘం అధ్యక్షుడు మద్యం కొంటూ కనబడితే బాగుండదు. ఆయన ఆ విషయంలో ఖచ్చితమైన మనిషి. ఉపాధ్యక్షుడేమో అమ్మేవాడు, తన దగ్గర తానే కొనలేడు. కనుక అందరి చూపులూ ఉత్తమ బాలిక మీదికి వెళ్ళాయి.

"వెళ్ళిరా అమ్మా," అన్నాడు దర్జీ.

ఆమె దిగింది. నేనూ వెంట దిగాను. ఉపాధ్యక్షుడు ముందే దిగి కౌంటరు వెనక నిలబడి ఉన్నాడు. నిచ్చెన గోడకు ఆనుకుంది. ఆనుకుని, మెల్లగా, రెండు మోకాళ్ళూ వంచింది. పాపిడి ఎర్రగీత కిందికి దిగిపోయింది.

"ఇదేంటమ్మా? సరిగ్గా నిలబడు."

"ఇంతే అంకుల్ నేను."

"నిన్నటిదాకా దాటావు కదే!"

"ఇవాళ దాటట్లేదు."

పైనుంచి ఆలస్యమేమిటని ఒక్కొక్కరే మెట్లు దిగి వచ్చారు. తాపీ మేస్త్రి బతిమాలాడు. వ్యాయామం మాస్టారు ఛాతీ ముందుకు, భుజాలు వెనక్కు అని ఆదేశాలిచ్చాడు. దర్జీ "నిటారుగా నిలబడవే, మనవాళ్ళముందు పరువు తీయకు" అన్నాడు. మా పట్టణంలోని పెద్దమనుషులందరూ ఒక ఆడపిల్లను తలెత్తుకు నిలబడమని ఇంతగా ప్రాధేయపడటం నేను అంతకుముందెన్నడూ చూడలేదు. ఆమె కాళ్ళు వణుకుతున్నాయి. గ్లాసుల సెట్టు చంకలో చప్పుడవుతోంది. అయినా లేవలేదు.

"ఆమె తొమ్మిదో తరగతి చదువుతోంది. పద్నాలుగేళ్ళు," అన్నాను నేను గట్టిగానే.

అధ్యక్షుడు నొచ్చుకున్నాడు. "టీచర్ గారూ, వయసు ప్రస్తావన తేవద్దని మొదటి సమావేశంలోనే అనుకున్నాం కదండీ."

ఆ సాయంత్రం ఉత్సవం దాహంతోనే ముగిసింది. మర్నాడు అత్యవసర సమావేశం జరిపి, మోకాళ్ళు వంచి ఎత్తును దాచిపెట్టడం సంఘాన్ని మోసగించడమేనని తీర్మానించారు. వంగిన మోకాళ్ళను పట్టుకోవడానికి గోడ మీద, కింది భాగంలో, పచ్చరంగుతో రెండో గీత గీయించారు. పెయింటరు ఈసారి పువ్వులు కూడా వేశాడు. పట్టుకున్నాక ఏం చేయాలో మాత్రం తీర్మానంలో రాయలేదు. ఉత్తమ బాలిక బహుమతి వెనక్కు తీసుకున్నారు. గ్లాసులు మాత్రం వాపసు ఇవ్వక్కర్లేదని పెద్దమనసుతో ఒప్పుకున్నారు.

దర్జీ ఇప్పటికీ ఆమెను పంపిస్తూనే ఉన్నాడు. ఆమె వెళ్తోంది, గోడకు ఆనుకుంటోంది, మోకాళ్ళు వంచుతోంది, ఖాళీ చేతులతో తిరిగి వస్తోంది. ఎంతకాలం వంచగలదో తెలియదు, ఇంకా ఎదుగుతూనే ఉంది. ఆమెను పంపవద్దని ఆమె మావయ్యతో చెప్పవలసినవాళ్ళెవరో మా పట్టణం ఇంకా తేల్చుకోలేదు.