వీడియోకి తాళంకప్ప

ఆ ఉదయం తాళాల షాపు యజమాని పెట్టుకున్న పని ఒక్కటే. తాను తయారుచేసిన కొత్త తాళంకప్ప మీద తీసిన వీడియోను ఎక్కడో ఒకచోట పెట్టి, ఆ లింకును గోడౌన్ల మేడమ్‌కి పంపాలి. జనం సామాన్లు దాచుకోవడానికి గదులు అద్దెకిచ్చే వ్యాపారం ఆవిడది. వీడియో నచ్చితే మధ్యాహ్నానికల్లా ఆర్డర్ ఇస్తానంది. ఆ ఆర్డర్ రాకపోతే ఈయన షాపు మూసేసి తోడల్లుడి చెప్పుల దుకాణంలో కూర్చోవాలి. తోడల్లుడు అప్పుడే ఒక స్టూలు కూడా కొని ఉంచాడు.

కింద షాపు, పైన ఇల్లు. పైన భోజనాల బల్ల మీద బావమరిది లాప్‌టాప్ తెరిచాడు.

"ఉచితంగా పెట్టుకునే సైటు ఒకటుంది బావా. ప్రపంచమంతా చూస్తుంది. కాకపోతే మన వీడియో అవ్వగానే ఎదురు షాపువాడి వీడియో వచ్చినా రావచ్చు."

"వాడిదా! నా కప్ప చూపించి వాడి కప్పలు అమ్ముకుంటాడా? కుదరదు."

"మన సొంత సైట్లో పెడదామంటే, నలుగురు ఒకేసారి చూస్తే అది చతికిలబడుతుంది. ఇక మిగిలింది అద్దె సైటు. వేరేవాళ్ల ప్రకటనలు రావు. పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, ఎవరు చూడాలో మనమే..."

"తాళం వేసుకోవచ్చన్నమాట!" ఆయన మొహం వెలిగిపోయింది.

"ప్రకటనన్నాక అందరూ చూడాలి కదండీ," అంది భార్య.

"అందరూ చూస్తే దొంగలూ చూస్తారు."

ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. పంచదార డబ్బాకు కూడా తాళమున్న ఇంట్లో కాపురం చేస్తున్న మనిషి.

అద్దె సైటులో ఎన్ని తాళాలున్నాయో అన్నీ వేయించాడు. పాస్‌వర్డ్ మాత్రం బావమరిదిని అటు తిరగమని చెప్పి, తానే కొట్టాడు. అదొక్కటీ చాలదన్నట్టు, ఎవరు చూడబోయినా తన ఫోన్‌కి కోడ్ వచ్చే ఏర్పాటు కూడా చేయించాడు. బావమరిది తన ఫోన్ నుంచి మేడమ్‌కి లింకు పంపాడు. పాస్‌వర్డ్ మాత్రం మళ్లీ అతన్ని అటు తిరగమని, అదే ఫోన్‌లో ఆయనే కొట్టి పంపాడు. కాసేపటికే ఆవిడ ఫోన్ చేసింది.

"మీ బావగారి ఫోన్‌కి కోడ్ వెళ్లిందట. చెప్తారా?"

ఆయన జేబులు తడుముకున్నాడు. పొద్దున షాపు షట్టర్ దించి, కప్ప నొక్కి మూసే సీన్ తీసేటప్పుడు మధ్యలో మోగుతుందని ఫోన్‌ను షాపులో సొరుగులో పడేశాడు. నొక్కితే పడిపోయే రకం కప్ప అది. మూయడానికి తాళంచెవి అక్కర్లేదు.

"తాళంచెవి ఏది బావా?"

"ఫోన్ పక్కనే."

"రెండోది?"

"దొంగల చేతిలో పడకూడదని ఇనప్పెట్టెలో పెట్టాను."

"ఇనప్పెట్టె?"

"షాపులోనే ఉంది కదరా."

బావమరిది నెత్తి బాదుకుని, "ఒక్క నిమిషం మేడమ్" అని మెట్ల వైపు పరిగెత్తాడు.

ముందు భార్య హెయిర్‌పిన్ వంగిపోయింది. తరవాత పక్కింటి వడ్రంగి సుత్తి, ఇనుము కోసే రంపం పట్టుకుని వచ్చాడు. చప్పుడుకి వీధి వీధంతా పోగైంది. ఎదురు షాపువాడైతే పండగ వచ్చినంత సంబరంగా ఫోన్ తీసి, 'తన తాళం తానే తీసుకోలేని మొనగాడు' అని పేరు పెట్టి, జరుగుతున్నది జరుగుతున్నట్టే ఉచిత సైట్లోకి వదిలాడు.

మేడమ్ మళ్లీ ఫోన్ చేసింది. "ఆ చప్పుడేంటండీ?"

"సుత్తి మేడమ్. మీ వీడియో కోసమే."

"వీడియో తెరవడానికి సుత్తి దేనికి?"

బావమరిది ఫోన్ పెట్టేశాడు. ఇదేదో మోసం వ్యవహారమని ఆవిడ కారెక్కి నేరుగా వచ్చేసింది.

ఆమెను చూడగానే తాళాలాయన సుత్తిని వీపు వెనక దాచుకున్నాడు. అంతలోనే నీరుగారిపోయి అరుగు మీద కూలబడ్డాడు. జీవితమంతా కప్పలు చేసి, చివరికి చెప్పులు అమ్మాలా అని నిజంగానే ఏడుపొచ్చింది.

"మన్నించండి మేడమ్. వీడియో చూపించలేను. షాపూ చూపించలేను. నేను చేసిన కప్ప నాకే లొంగడం లేదు."

ఆవిడ వంగి కప్పను చూసింది. రెండు గీతలు పడ్డాయంతే. వడ్రంగి పళ్లూడిన రంపాన్ని ఆవిడకు చూపించి, కొత్తది ఎవరు కొనిస్తారని అడిగాడు.

"దారి పొడుగునా ఈ తతంగమంతా ఫోన్లో చూస్తూనే వచ్చాను," అందావిడ. "ఎవరో పెట్టారు, మా ఆఫీసంతా చూస్తోంది. మా గోడౌన్లన్నిటికీ ఇదే కప్ప కావాలి. కానీ ఒక షరతు. రెండో తాళంచెవి మాత్రం మీ దగ్గర ఉండకూడదు."

ఎదురు షాపువాడు కంగారుగా ఫోన్ జేబులో కుక్కుకున్నాడు. అప్పటికే వీడియో ఊరు దాటిపోయింది. సాయంత్రానికి షట్టర్ కొక్కెం కోసి లోపలికి వెళ్లారు. కప్ప మాత్రం కోసిన కొక్కేనికే వేలాడుతూ ఉండిపోయింది.

అద్దె సైట్లోని అసలు వీడియోను ఇంతవరకు ఒక్కరూ చూడలేదు. అది చాలా భద్రంగా ఉంది.