నాలుగో గది కొక్కెం

గూడూరు స్టేషనుకు ఎదురుగా లాడ్జి పెట్టిన నాటి నుంచి చెంచురామయ్యకు ఒకటే బెంగ. బస చేసినవాళ్లు ఫ్యాన్లు తిరుగుతుండగానే గదులకు తాళం వేసి బజారుకు పోతున్నారు. పందొమ్మిది వందల అరవై రెండు వేసవిలో ఒక ఉదయం ఆయన కింద తన బల్ల దగ్గరున్న తాళంచెవుల కొక్కేలను గదుల ఫ్యాన్ల స్విచ్చులకు కట్టించాడు. చెవి తగిలిస్తే ఆ గదిలో ఫ్యాను ఆగుతుంది, తీస్తే తిరుగుతుంది. మనిషి లేని గదికి గాలి దేనికి?

ఆ పూటే హజరత్తయ్య, ఆదిశేషమ్మ దంపతులు మేడమీద నాలుగో గదిలో దిగారు. రాత్రికి మద్రాసులో ఆమె మేనకోడలి పెళ్లి. తాళిబొట్లు ఆమె మూటలోనే ఉన్నాయి. రైలు మధ్యాహ్నం. వేళకు లేపమని మొగుడికి చెప్పి ఆమె నడుం వాల్చింది. ఆయన పెళ్లివారికి నిమ్మకాయలు కొనడానికి బయలుదేరుతూ గదికి తాళం వేశాడు.

"లోపల బంగారం ఉండాది. చెవి ఎవురికీ ఇయ్యబాక అన్నా," అన్నాడు కింద చెంచురామయ్యకు చెవి ఇస్తూ. భార్య కూడా లోపలే ఉన్నదని చెప్పడం ఆయనకు తోచలేదు. ఇద్దరూ బజారుకే పోతున్నారనుకుని చెంచురామయ్య చెవి తగిలించాడు.

ఫ్యాను ఆగింది. చెమటతో తడిసి లేచిన ఆదిశేషమ్మ తలుపు లాగింది, అరిచింది. గూడ్సుబండి చప్పుడులో ఎవరికీ వినిపించలేదు. గొంతు పోయాక చెంబుతో తలుపు బాదసాగింది.

"చెవి నా కాడ ఉంటే లోపల మనిషి ఎట్టుంటాడు? బంగారం కోసం దొంగ దూరినాడు," అని ఆ చప్పుడు విన్న చెంచురామయ్య ఎదురుకొట్టు నిమ్మకాయల వ్యాపారి నాగుల్ మీరాను కేకేశాడు. నాగుల్ మీరా దుడ్డుకర్రతో తలుపు దగ్గర కాపు కాశాడు. చెంచురామయ్య కొక్కెం నుంచి చెవి తీసుకుని మెట్లెక్కాడు. లోపల ఫ్యాను కిర్రుమంటూ తిరిగింది.

"అన్నా, వాడు ఫ్యాను గూడా ఏసుకున్నాడు."

"నా కరెంటుతోనా?" చెంచురామయ్యకు బంగారం సంగతి కన్నా ఇదే ఎక్కువ మండింది.

తలుపు తెరిస్తే మూట చంకన పెట్టుకుని ఆదిశేషమ్మ. "మా ఆయన యాడ?" అన్నది బొంగురుగా.

నాగుల్ మీరా కర్ర వెనక్కి దాచాడు. "నిమ్మకాయలకొచ్చి మా కొట్లో బస్తాల మీద నిద్రపోతా ఉండాడమ్మా. పెద్దాయన కదా, లేపలేదు."

స్టేషనులో రైలు గంట కొట్టారు. చెంచురామయ్య చేతులు జోడించాడు. "తప్పయిపోయిందమ్మా. ఫ్యాను ఆపింది నేనే."

"ఆపబట్టే లేచినా నాయనా. నేనీడ, ఆయనాడ నిద్రపోతా ఉంటే బిడ్డ మెళ్లో తాళి ఎట్టా పడుద్ది? నీ మేలు మరిచిపోను."

హజరత్తయ్యను లేపి అందరూ స్టేషనుకు పరుగెత్తారు. రైలు దొరికింది.

పెళ్లి నుంచి తిరిగొస్తూ ఆదిశేషమ్మ పనిగట్టుకుని గూడూరులో దిగింది. నాగుల్ మీరా చేతిలో లడ్లు పెట్టింది. "చల్లగా ఉండు నాయనా," అని చెంచురామయ్య తల మీద అక్షింతలు వేసింది. తర్వాత నాలుగో గది కొక్కేనికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మూర పువ్వులు చుట్టి దణ్ణం పెట్టుకుంది. చెంచురామయ్యకు కళ్లు చెమర్చాయి. లాడ్జి పెట్టాక అంత చల్లటి మాట ఆయన విన్నది అప్పుడే. బొట్టు పెట్టిన కొక్కేనికి తాళంచెవి తగిలించాలంటే ఆయనకు చెయ్యి రాలేదు.

నాలుగో గదిలో ఫ్యాను ఆనాటి నుంచి ఆగలేదు.