రహస్య పోలీసు వాహనం

మన పోలీసులకు ఇకపై ఎవ్వరూ గుర్తుపట్టలేని కారు ఒకటి ఉంటుందని మంత్రిగారు ప్రకటించారు. ఆ ముక్క చెప్పడానికి మైదానంలో షామియానా వేసి, కారును వేదిక మీదికెక్కించి, పూలదండలేసి, టీవీల వాళ్లందరినీ పిలిచారు. అంత రహస్యమైన కారును ముందు వరసలో కూర్చుని చూసే భాగ్యం నాకూ దక్కింది. దాని డ్రైవరు మా అక్క మొగుడు. బావ పనిచేసే పోలీస్ స్టేషన్ ఎదురుగా స్టిక్కర్ల కొట్టు నాది.

"కళ్లు మూసి తెరిచేలోగా నూరు దాటుతుంది. మీ పక్కనుంచే వెళ్లినా పోలీసులని మీకు తెలియదు," అన్నారు మంత్రిగారు. వారంలోగా ఒక్క ర్యాష్ డ్రైవర్నయినా పట్టుకోకపోతే కారును వేరే ఊరికి పంపేస్తామని, డ్రైవరు కూడా దానితోపాటే వెళ్తాడని సెలవిచ్చారు. అక్కకు ఎనిమిదో నెల. అందరూ చప్పట్లు కొట్టారు. బావ, నేను మాత్రం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మర్నాడు కారు రోడ్డెక్కింది. మంత్రిగారి మాట అక్షరాలా నిజమైంది. చౌరస్తాలో కానిస్టేబుల్ కూడా గుర్తుపట్టలేదు. సెల్యూట్ కొట్టకపోగా అద్దం మీద తట్టి, "ఏం, కళ్లు నెత్తికెక్కాయా?" అన్నాడు. వెనక సీట్లో ఇన్‌స్పెక్టర్ గారున్నారు. సర్వీసులో చేరాక ఆయన్నెవరూ ఆ మాట అనలేదు. పాపం, ఆ పూట ఆయన అన్నం ముట్టలేదట.

సాయంత్రం స్వయంగా నా కొట్టుకొచ్చారు.

"చిన్న స్టిక్కరొకటి కావాలి. మనవాళ్లకు మాత్రమే తెలియాలి."

"ఏం రాయమంటారు సార్?"

"రహస్య పోలీసు వాహనం."

"ఏ సైజులో సార్?"

ఆయన కాసేపు ఆలోచించారు. "దూరాన్నుంచి కూడా సెల్యూట్ కొట్టాలి కదా."

నాలుగు వైపులా అతికించాను. మర్నాడు లారీలు దారివ్వడం లేదని సైరన్ పెట్టించారు. ఆ మర్నాడు సైరన్ ఎందుకు మోగుతోందో జనానికి అర్థం కావడం లేదని ముందొక జీపు పెట్టారు. "తప్పుకోండి, వెనక రహస్య వాహనం వస్తోంది" అని అది మైకులో చెప్పుకుంటూ పోయేది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఊరు ఊరంతా బాగుపడిపోయింది. తాగినవాళ్లు కూడా బండి దిగి తోసుకుంటూ వెళ్లేవాళ్లు. కేసన్నది ఒక్కటి లేదు. ఇన్‌స్పెక్టర్ గారు రెండు పూటలా కడుపునిండా తింటున్నారు. బావే తినడం మానేశాడు.

గడువు రేపనగా నా కొట్లో కూలబడ్డాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, రేపు నువ్వు స్కూటర్ మీద కాస్త స్పీడుగా వెళ్లు. నేను పట్టుకుంటాను. ఫైను నేనే కడతాను."

"నా స్కూటరు ముప్పై దాటదు బావా. దాటితే సైలెన్సర్ ఊడిపోతుంది."

"మీ అక్క మొహం చూసైనా వెళ్లరా."

ఇంక కాదనలేకపోయాను. మర్నాడు యాక్సిలరేటర్ ఎంత మెలిపెట్టినా స్కూటరు ఇరవై ఎనిమిది దగ్గరే ఆగింది. వెనక ఆ మహా ఇంజను అంత నిదానంగా నడవలేక రెండుసార్లు ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ గారు నన్ను పక్కకు పిలిచి అడిగారు.

"ఈ రోడ్డు మీద స్పీడ్ లిమిట్ ఎంత?"

"యాభై సార్."

"ఇరవై అని బోర్డు రాయి."

రాశాను, గొయ్యి తవ్వాను, పాతాను. మళ్లీ స్కూటరెక్కి ఇరవై ఎనిమిదిలో పోయాను. పట్టుకున్నారు.

ఫైనేసి వదిలేస్తే టీవీలో బాగుండదన్నారు. అందుకని మొహానికి నల్లగుడ్డ వేసి, "ప్రాణాలకు తెగించి వెంటాడి పట్టుకున్న కరడుగట్టిన నేరస్థుడు" అని చూపించి, లాకప్పులో పెట్టారు. బావ అక్కకు ఫోన్ చేసి, ట్రాన్స్‌ఫర్ తప్పిందని ఏడ్చేశాడు. గుడ్డ కింద నాకూ ఏడుపొచ్చింది.

టీవీ చూసిన మంత్రిగారు పొంగిపోయారు. ఇంత గొప్ప కారు ఒక్క ఊరికే ఉంటే అన్యాయమని తన కాన్వాయ్‌లోకి తీసేసుకున్నారు, డ్రైవరుతో సహా. ఇవాళ పొద్దున బావ పెట్టె పట్టుకుని లాకప్పు ముందుకొచ్చాడు.

"నా బెయిలు సంగతేమైంది బావా?"

"ఇదే స్టేషన్లో పనిచేసేవాళ్లు ఎవరైనా పూచీ సంతకం పెట్టాలటరా. మనకెవరు తెలుసు?"

"నువ్వున్నావు కదా."

"నిన్నటిదాకా ఉన్నాను," అన్నాడు బావ.