గిటారునకు కవచధారణము

కుక్కరు ఆఖరి కూత కూసి మౌనవ్రతము దాల్చిన వేళ, సకల గృహకృత్యములు సగము సగమై నిలిచిన వేళ, చంటివాడనెడు చక్రవర్తి ఊయలలో నోరు తెరచి నిద్రించు ఆ మధ్యాహ్న శుభముహూర్తమున, మూడవ అంతస్తు ముందుగదిలో, నిద్రలేమియే కాటుకగా గల కన్నులతో ఆ వీరమాత గిటారు నెదుట చతికిలబడెను.

గిటారు మరిదిది. "నీ దగ్గరుంటే నాకు బెంగలేదు వదినా" అని అప్పగించి ఊరికేగినవాడు ఈ సాయంత్రమే రానున్నాడు. నిన్ననో, చక్రవర్తివారు పాలచెంచాను గదవలె ఝళిపించి, నాదరంధ్రము క్రింద కనురెప్ప వెంట్రుకంత గీత గీచిరి. దానిని కప్పుటకై తెచ్చినదే, గిటారు మేనికి అంటించు ఈ నల్లని పలుచని కవచము, పిక్‌గార్డు నామధేయము. ఒక్కసారి వంకరగా అంటెనా, ఊడదీయుట బ్రహ్మతరము కాదు.

"వాడొచ్చాక నిజం చెప్పేస్తే పోలా?" అనెను బట్టలు మడచుచున్న అత్తగారు.

"వద్దత్తయ్యా. ఇంకెప్పుడూ ఏదీ నన్ను నమ్మి ఇవ్వడు."

అంత నామె తంత్రులను వదులుచేసి, జిగురు తొందరపడి పట్టకుండ చంటివాని స్నానపు సబ్బునీరు చిలకరించి, వెనుక కాగితము నొలిచి, ఊపిరి బిగబట్టి, కవచమును గీతపైకి జార్చి నిలిపెను. నిలిపినంతనే, నట్టనడుమ, శనగగింజంత బుడగ! గుడ్డతో అదిమిన అటు నక్కె, అటనుండి తరిమిన ఇటు మొలచె.

"ఓరీ వాయుగర్భా! బుడగాధమా! నా పరువు నడినెత్తిన గుడారము వేయుటకెంత కండకావరమురా నీకు!" అని యామె సింహగర్జన చేసెను, పిల్లవాడు లేవకుండ, గుసగుసగా.

"ఎవర్నమ్మా తిడుతున్నావ్?"

"గాలినత్తయ్యా. లోపల ఇరుక్కుంది."

"గాలికేం భయం నీకు? వాడి పొట్టలోది రోజూ తీస్తూనే ఉన్నావుగా!"

మెరుపు మెరసినట్లయ్యెను. బొటనవ్రేళ్ళు జతచేసి, పాలకడుపును నిమిరినట్లే, నడుమనుండి అంచునకు, జోలపాట కూనిరాగముతో రాచుకొనిపోగా, బుడగాసురుడు పుస్సుమని ప్రాణములు విడిచెను.

సాయంత్రము మరిది చెప్పులు విడువకమునుపే, చక్రవర్తి చెంచాతో ప్రాకివచ్చి కవచముపై టప్పున మోదెను. మరిది వంగి చూచెను. గీత పడలేదు.

"వదినా! వీడిలా చేస్తాడని ముందే కనిపెట్టి వేశావా? ఏం ముందుచూపు నీది!"

"మీ వదినంటే ఏమనుకున్నావురా," అనుచు అత్తగారు మడచిన తువ్వాలునే మరల మడచి, నవ్వును అందులో దాచుకొనెను.

వీరమాత మాత్రము శత్రువు చేతి చెంచాను లాగి కొంగున దోపుకొనెను. వెంట్రుకంత గీతపై ఆమె విజయధ్వజము, చిటికెడు గాలి సాయమైనను లేకయే, రెపరెపలాడెను.