పెద్ద అంకెకి పెత్తనం లేని చోటు

పిల్లల ప్రాణం తీస్తోందని అందరూ తిట్టిపోసే అతిపరావలయం, అదే ఇంటర్ లెక్కల్లో వచ్చే హైపర్‌బోలా, నన్నడిగితే, సంసారులకి దేవుడిచ్చిన వరం. నవ్వకండి.

నేను చదివింది పదో తరగతి. లెక్కలతో నాది దూరపు చుట్టరికం. అయినా రోజూ దేవుడికి దండం పెట్టుకుని, మా అమ్మాయి పక్కన కూర్చుని నెల్లాళ్లుగా దాన్ని సేవిస్తున్నాను. రెండు రెక్కలుంటాయి, ఎగరదు. రెండు గీతలకి దగ్గరగా జరుగుతూనే ఉంటుంది, తగలదు. ఎంత మర్యాద! మన బంధువుల్లో ఎవరికైనా ఉందా?

మొన్న పరీక్షలో y²/9 − x²/16 = 1 ఇచ్చి శీర్షాలు, నాభులు రాయమన్నారు. పదహారు పెద్దది కదా అని మా అమ్మాయి దానికే పెద్దరికం కట్టబెట్టింది. పైకీ కిందికీ విచ్చుకోవాల్సిన రెక్కలు పక్కలకి విచ్చుకున్నాయి. మార్కులు సున్న.

తప్పు దానిదా? మా ఇంట్లో పుట్టిన పిల్ల ఇంకేం చేస్తుంది? ఫ్యాను కింద కుర్చీ, పొద్దున్నే పేపరు, టీవీ రిమోటు, అన్నీ వయసు వరసనే చేతులు మారతాయి.

సున్న సంగతి మా అన్నయ్య చెవిన పడింది.

"దానికి లెక్కలు అచ్చిరావురా. గ్రూపు మార్పించెయ్."

"అలాగే అన్నయ్యా," అన్నాను. యాభై ఏళ్లుగా నాకొచ్చిన జవాబు అదొక్కటే. సంతకం పెట్టమని ఫారం కూడా ఆయనే పంపించాడు.

అమ్మాయి ఆ లెక్క మళ్లీ చేసి తెచ్చింది.

"చూడు నాన్నా, అంకె ఎంత పెద్దదో చూడకూడదు. ప్లస్ ఎవరిదో చూడాలి. ఇక్కడ మైనస్ పదహారుకి పడింది. అంచేత తొమ్మిదే ముఖ్యం. దాని వర్గమూలం మూడు, శీర్షాలు ఆ మూడు దగ్గర, పైనొకటి, కిందొకటి. రెండూ కలిపితే ఇరవై ఐదు, దాని వర్గమూలం ఐదు, నాభులు ఆ ఐదు దగ్గర."

"మరి పదహారు ఊరుకుంటుందా?"

"దాని పని దానికుంది. రెక్కలు ఎంత విచ్చుకోవాలో చెబుతుంది. ఎటు విచ్చుకోవాలో మాత్రం చెప్పదు." పుస్తకం మూసి అడిగింది. "నేను గ్రూపు మారాల్సిందేనా నాన్నా?"

పెద్దల మాటకి ఎదురు చెప్పకూడదని నేను నమ్ముతాను. దేవుడి సాక్షిగా ఇప్పటికీ నమ్ముతాను. ఆ మాట ముందు ఏ గుర్తుందో ఒక్కసారి చూసుకుంటే పాపమా? నాకు తెలీదు, అడుగుతున్నానంతే.

అన్నయ్య ఎదుట నిలబడి ఇదంతా చెప్పే ధైర్యం నాకెలాగూ లేదు. అయితే ఆయన పేపర్లో నేను రాసే ఈ కాలమ్ ఒక్కటీ వదలకుండా చదువుతాడు. ఆ ఫారం మీద నేను సంతకం పెట్టలేదని ఆయనకి తెలుస్తున్నది ఇప్పుడే.