వంతెన అవతల పాలు

కృపావరం ఆ శనివారం పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. దేవకుమారి నిద్రలేచేలోగా నది మీది వంతెన దాటి పక్క రాష్ట్రం అయోవా వెళ్లి, ఒక లాటరీ టికెట్టు కొనుక్కుని, ఏమీ ఎరగనట్టు ఒమహాకు తిరిగి రావాలి.

దేవకుమారి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. అతడు పగలు ఒక ఆఫీసులో ఇంజనీరింగ్ డ్రాయింగులు గీసేవాడు. ఇద్దరికీ కలిపి ఒకటే కారు. పొద్దున ఆమె దిగి తాళాలు చేతిలో పెడితే అతడు ఎక్కేవాడు. సాయంత్రం అతడు దిగితే ఆమె ఎక్కేది. చలికాలంలో ఆమె లేచిన సీటు ఇంకా వెచ్చగా ఉండేది. పెళ్లయ్యాక తాను ఎక్కువగా గడిపింది భార్యతో కాదు, ఆ వెచ్చదనంతోనేనని అతడికి అనిపించేది. రాత్రిళ్లు ఆమె వండిపెట్టిన కూర వేడిచేసుకుని తింటూ, ఎదుటి కుర్చీలో ఆమె కూర్చుని "ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే ఎలా ఉంటుందో ఊహించుకునేవాడు. ఉప్పు ఎప్పుడూ సరిపోయేది. అడిగేవాళ్లే లేరు.

ఈ లాటరీ సంగతి చెప్పింది ఆఫీసులో శ్రీధర్.

"చిన్న చిన్న స్టేట్స్ కొన్ని కలిసి ఒకే గేమ్ పెట్టుకున్నాయి. ఎక్కడ టికెట్ కొన్నా డబ్బు ఒకే కుండలో పడుద్ది. నలభై నంబర్లలో ఏడు పిక్ చేయాలి. ఏడూ కలిస్తే కుండ నీదే. ఇంకెవరికైనా కలిస్తే షేర్ చేసుకోవాలి. ఎవరికీ కలవకపోతే ఆ సొమ్ము నెక్స్ట్ డ్రాకి పోతుంది. అట్లా పెరిగి పెరిగి ఇప్పుడు కొండంత అయింది."

"మన దగ్గర అమ్ముతారా?"

"నెబ్రాస్కా అందులో చేరలేదు. బ్రిడ్జ్ దాటాల్సిందే."

"వచ్చే ఛాన్స్ ఎంతుంటుంది?"

"కొనకుండా ఉంటే వచ్చేదానికంటే కొంచెం ఎక్కువ," అన్నాడు శ్రీధర్.

కృపావరానికి కొండంత అక్కర్లేదు. దేవకుమారి రాత్రి డ్యూటీ మానేస్తే చాలు. ఏడు నంబర్లకూ చర్చి పాటల పుస్తకంలో ఆమెకు ఇష్టమైన ఏడు కీర్తనల నంబర్లు ఎంచుకున్నాడు. ఆట తప్పయినా పాటలు తప్పు కాదు కదా అని మనసుకు నచ్చజెప్పుకున్నాడు.

వంతెన మీద కార్లన్నీ నెబ్రాస్కావే. అవతలి ఒడ్డున దుకాణంలో వరుస తలుపు దాటి బయటికి వచ్చింది. అతడు వెళ్లి చివర నిలబడ్డాడు. ముందున్న మనిషి వెనక్కి తిరిగాడు. ఆయన సత్యానందం. వాళ్ల తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. కిందటి ఆదివారమే లాటరీ అనే శోధన నుంచి తప్పించమని అందరి తరఫునా సుదీర్ఘంగా ప్రార్థన చేసినవాడు.

"వందనాలు అన్నయ్యగారూ," అన్నాడు కృపావరం.

"వందనాలు, వందనాలు. పాల కోసం వచ్చాను. ఇక్కడి పాలు చిక్కగా ఉంటాయని."

"నేనూ పాలకేనండి."

ఇద్దరూ వరుస వదిలి పాల అర దగ్గరికి నడిచారు. సత్యానందం ఒక గ్యాలన్ డబ్బా తీసుకుని, కృపావరం కదలకపోవడం చూసి ఇంకొకటి తీశాడు. కృపావరం తానూ రెండు తీశాడు. ఎవరు ముందు వెళ్లిపోతారా అని ఇద్దరూ ఎదురుచూస్తూ డబ్బాలు పోగుచేశారు. చేతులు చాలక బండి తెచ్చుకున్నారు.

"ఇన్ని పాలెందుకయ్యా?"

పాస్టరు గారి భార్య కరుణమ్మ. వరుసలోంచే పిలిచింది. అయ్యగారి దగ్గుమందు కోసం వచ్చానని అడక్కుండానే చెప్పింది.

సత్యానందం తడుముకోకుండా, "కృపావరం ఇంట్లో సాయంత్రం కృతజ్ఞతా కూడిక అమ్మగారూ. సేమ్యా పాయసానికి," అన్నాడు.

"మాకు చెప్పలేదే. దేనికి కృతజ్ఞత?"

సత్యానందం కృపావరం వైపు చూశాడు. కృపావరం బుర్రలో ఇంకేమీ లేదు. మూడేళ్లుగా ఉన్న ఒక్క మాటే బయటికి వచ్చింది.

"దేవకుమారికి డే షిఫ్ట్ వచ్చిందండి."

"దేవునికి స్తోత్రం," అంది కరుణమ్మ. దుకాణం బయటి ఫోన్ దగ్గరికి అప్పుడే నడిచింది. అలా ఆ పొద్దున ముగ్గురిలో ఒక్కరూ టికెట్టు కొనలేదు.

కృపావరం వెనక సీటునిండా పాలు పెట్టుకుని వంతెన మీద నత్తలా కదులుతూ, ఈలోగా ఇంట్లో ఏం జరుగుతోందో ఊహించుకుంటూ వచ్చాడు. ఊహించినదానికంటే ఎక్కువే జరిగింది. తలుపు తీసేసరికి దేవకుమారి చెదిరిన జుట్టుతో ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

"పొద్దుట్నించీ ఒకటే ఫోన్లు. కంగ్రాట్స్ అంటారు, డే షిఫ్ట్ అంటారు. పాయసానికి జీడిపప్పు తెస్తామంటారు. నాకేం తెలీలేదు. ఆస్పత్రి వాళ్లు నాకంటే ముందు సంఘానికి చెప్పారేమోనని సూపర్‌వైజర్‌కి కాల్ చేసి థాంక్స్ చెప్పా."

కృపావరం పాల డబ్బాలు కింద పెట్టి, ఒప్పుకోవడానికి సిద్ధమయ్యాడు. "దేవీ, అది నేనే..."

"ఏ డే షిఫ్ట్ అంది ముందు ఆవిడ. తర్వాత అడిగింది, నీకు డేస్ కావాలా అని. మూడేళ్లలో ఒక్కసారీ అడగలేదు, నీకు నైట్సే ఇష్టమనుకున్నామంది. ఖాళీ ఉందట. ఇవాళ రాత్రికి రావద్దంది. సోమవారం పొద్దున్నే రమ్మంది."

అతడు కుర్చీలో కూర్చుండిపోయాడు.

"మరి ఎందుకడగలేదు?"

"మీరెప్పుడూ అడగమనలేదు. ఒంటరిగా హాయిగా ఉన్నారేమో అనుకున్నా. నేను ఇంటికి రాగానే తాళాలు లాక్కుని వెళ్లిపోయేవారుగా."

"నువ్వు అలిసిపోయి వస్తావని మాట్లాడించేవాణ్ణి కాదు," అన్నాడు కృపావరం. ఇంకా చాలా చెప్పాలనుకున్నాడు. లేచి ఒక పాల డబ్బా మూత తీశాడు. ఇద్దరూ కలిసి పాలు పొయ్యి మీద పెట్టారు.

సాయంత్రం ఇల్లు నిండిపోయింది. సత్యానందం కృతజ్ఞతా ప్రార్థన ఎత్తుకున్నాడు. అది సాగుతుండగా, పగలు నిద్ర చెడిన దేవకుమారి భర్త భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆమేన్ అని అందరూ లేచినా కృపావరం కదల్లేదు. ఎవరో అతడి చేతికి పాయసం గిన్నె ఇచ్చారు. అది చల్లారి మీగడ కట్టేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

శనివారం రాత్రి డ్రాలో ఏడు నంబర్లూ ఎవరికీ కలవలేదని, సొమ్ము తర్వాతి డ్రాకి వెళ్లిందని ఆదివారం ఆరాధన మొదలవకముందే సంఘంలో అందరికీ తెలుసు. ఎలా తెలిసిందని మాత్రం ఎవరూ ఎవరినీ అడగలేదు.