లువెంబే సైరన్‌కు ఏడుగురు భాగస్వాములు

మానవజాతి సాధించిన విజయాలన్నింటిలోకీ సమన్వయం గొప్పది. నిప్పును ఎవరో ఒక్కడు కనిపెట్టి ఉంటాడు, చక్రాన్ని ఇంకెవరో చేసి ఉంటారు. ఆ రెండింటికీ ముందు మీటింగ్ పెట్టిన దాఖలాలు లేవు, అందుకే వాళ్ల పేర్లు కూడా మనకు తెలియవు. సమన్వయంలో అలాంటి అన్యాయం జరగదు. ఎవరు హాజరయ్యారో, ఎవరు ఆలస్యంగా వచ్చారో, ఎవరు మ్యూట్‌లో ఉండి పావుగంట మాట్లాడారో అన్నీ భద్రంగా ఉంటాయి.

ఇదేదో గాలి కబురు కాదు. నా భార్య చంద్రిక తొమ్మిది దేశాల సరోవర తీర సహకార మండలిలో వ్యూహాత్మక ప్రణాళిక, భాగస్వామ్యాల సమన్వయ అధికారిణి. (విజిటింగ్ కార్డు మీద పదవి పేరు పట్టాక ఫోన్ నంబరుకు చోటు మిగల్లేదు.) మండలిలోని దేశాలన్నీ ఆఫ్రికాలో ఉన్నాయి. సరస్సూ అక్కడే ఉంది. సమన్వయం మాత్రం న్యూజెర్సీలో, పార్సిప్పనీలో, ఒక పళ్ల డాక్టరుకీ ఒక కరాటే స్కూలుకీ మధ్యనున్న ఆఫీసులో జరుగుతుంది. సాయం చేసే భాగస్వామ్య సంస్థలన్నీ అమెరికాలో ఉన్నాయి, పైగా అక్కడ పార్కింగ్ బాగుంటుంది. వారానికి మూడు రోజులు అదే సమన్వయం మా డైనింగ్ టేబుల్ మీద జరుగుతుంది. నేనూ ఇంట్లోంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాణ్ణే కాబట్టి, ఆ తొమ్మిది దేశాల భవిష్యత్తు గురించి మా అపార్ట్‌మెంట్లలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నన్నెవరూ అడగలేదు, అయినా చెబుతున్నాను.

అసలు విషయం చిన్నది. ఆ సరస్సు ఒడ్డున లువెంబే అనే రేవు ఉంది. తెల్లవారగానే అక్కణ్ణుంచి మూడు వందల పన్నెండు చేపల పడవలు నీళ్ల మీదకు వెళతాయి. మార్చి సగం నుంచి అక్కడ గాలివానల కాలం. ఎండగా ఉన్న ఆకాశం అరగంటలో నల్లబడుతుంది, పడవల్ని తిరగేస్తుంది. అందుకని రేవులో ఎత్తైన కంబం పాతి, దాని మీద సైరన్ పెట్టారు. వాతావరణ కేంద్రం నుంచి కబురు రాగానే రేవులోని హెచ్చరిక స్టేషన్ అధికారిణి గ్రేస్ నమూలి మీట నొక్కాలి, సైరన్ మోగాలి, పడవలు ఒడ్డుకు రావాలి. గ్రేస్ ప్రతి సోమవారం ఒక నివేదిక పంపుతుంది. అందులో ఒకటే వాక్యం ఉంటుంది: సైరన్ మోగడం లేదు, బ్యాటరీ ఒకటి కావాలి. జనవరి ఆఖరుకు అలాంటివి పంతొమ్మిది చేరాయి.

నివేదికలో తప్పేమీ లేదు. కాకపోతే మండలి నియమాల ప్రకారం పంచవర్ష వ్యూహపత్రంలో లేని అవసరం అవసరం కిందికి రాదు. ఆ పత్రం నేను చదివాను (ఒకరోజు మధ్యాహ్నం వై-ఫై పోయింది). నూట నలభై పేజీల్లో ఎక్కడా బ్యాటరీ అన్న మాట లేదు. 'సమగ్ర ముందస్తు హెచ్చరిక సామర్థ్య వికాసం' అని మాత్రం ముప్పై ఆరు చోట్ల ఉంది. బ్యాటరీ అందులో అంతర్లీనంగా ఉందని చంద్రిక రెండు మీటింగుల్లో వాదించింది. అంతర్లీనమైన వాటికి వేరే ఫారం ఉందన్నారు.

పాపం, భాగస్వాములు ఊరుకున్నారని అనుకోవద్దు. ఒక సంస్థ గ్రేస్‌కు సైరన్ వాడటంలో శిక్షణ ఇచ్చింది. ఇంకో సంస్థ ఆ శిక్షణ ఇచ్చినవాళ్లకు శిక్షణ ఇచ్చింది. మత్స్యకారులు సైరన్ విని ఏం చెయ్యాలో నేర్పడానికి మూడో సంస్థ అవగాహన సదస్సు పెట్టింది. సైరన్ మోగదు కాబట్టి నిపుణుడొకాయన ఆ శబ్దం నోటితో చేసి చూపించాడట, స్పందన బాగుందట. ఇంకో రెండు సంస్థలు కలిసి ఒక అధ్యయనం చేశాయి. మిగిలిన రెండు సంస్థలూ మొదటి ఐదింటి మధ్య సమన్వయం చూస్తున్నాయి. ఏడుగురి బోర్డులూ సైరన్ కంబానికే బిగించారు. పద్నాలుగో నియమం ప్రకారం ఏ భాగస్వామి బోర్డూ మరొకరి బోర్డు కంటే పైన ఉండకూడదు, అందుకని కంబం చుట్టూ గుండ్రంగా పెట్టారు. గాలి ఎటు వీస్తోందో తెలుసుకోవడానికి అవి పనికొస్తున్నాయని గ్రేస్ రాసింది.

ఒకసారి ఆమెకు విసుగెత్తి, తన పికప్ బండిలోని బ్యాటరీ ఊడదీసి సైరన్‌కు తగిలించింది. సైరన్ మోగింది. వారం తిరక్కుండా 'ప్రణాళికలో లేని జోక్యం' అంటూ మండలి నుంచి మెమో వెళ్లింది. గ్రేస్‌ను ఎనిమిదో భాగస్వామిగా గుర్తించాలా అన్న ప్రశ్న ఇంకా ఉపసంఘం దగ్గరే ఉంది. బండి లేనిదే ఆమె స్టేషన్‌కు రాలేదు కాబట్టి, బ్యాటరీ మళ్లీ బండిలోకి వెళ్లింది.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒకరోజు పొద్దున్న ఆరింటి కాల్‌లో, ఒక భాగస్వామ్య సంస్థ ప్రతినిధి, ఏడుగురి తరఫునా మాట్లాడే వాలెస్ గారు చాలా మర్యాదగా విషయం విడమరిచి చెప్పారు. బ్యాటరీ అనేది అయిపోయే వస్తువు. శిక్షణ అయిపోదు. అయిపోయే వాటిని భాగస్వాములు ఇవ్వరు. అందరూ ఆయనకు ధన్యవాదాలు చెప్పి సెలవు తీసుకున్నారు. చంద్రిక ల్యాప్‌టాప్ మూసేసింది.

"నాకు భయంగా ఉంది," అంది. "గాలివానలకి సిక్స్ వీక్స్ కూడా లేదు. వీళ్లకి అదొక ఎజెండా ఐటమ్. ఆ పడవల్లో మనుషులు ఉంటారు కదా."

"గ్రేస్‌నే మళ్లీ బండి బ్యాటరీ పెట్టమను."

"మెమో ఇచ్చింది ఎవరనుకున్నావ్? సంతకం నాదే."

నేను లేచి కాఫీ పెట్టాను.

ఇక్కడ మా పాట్‌లక్ సంగతి చెప్పాలి. నెలకో ఆదివారం మా క్లబ్‌హౌస్‌లో పద్దెనిమిది తెలుగు కుటుంబాలు ఇంటికో వంటకం తెచ్చుకుని కలిసి తింటాం. ఎవరేం తెస్తారో ఆన్‌లైన్ షీట్‌లో ముందే రాయాలి. రెండేళ్ల కిందటి ఉగాదికి పదకొండు కుటుంబాలు పేపర్ ప్లేట్లు తెస్తామని రాశాయి. ఒకరు ఉగాది పచ్చడి, మిగతావాళ్లు నాప్‌కిన్లు, కూల్‌డ్రింకులు రాశారు. అన్నం ఎవరూ రాయలేదు, కాబట్టి ఎవరూ తేలేదు. ఒక పేపర్ ప్లేటులో ఉగాది పచ్చడి పెట్టుకుని, ఇంకోటి మూత పెట్టుకుని ఇళ్లకు పోయాం. ఆ మర్నాడే చంద్రిక షీట్‌ను తన చేతిలోకి తీసుకుంది. అప్పట్నుంచి మొదటి వరస అన్నం. అది నిండేదాకా మిగతా వరసలకు తాళం.

కాఫీ తాగుతుండగానే ఫోన్ మోగింది. రెండో బిల్డింగ్ జితేందర్.

"అక్కా, పేపర్ ప్లేట్స్ మేం తెస్తం. షీట్ల ఎంటర్ చేద్దామంటే ఓపెన్ అయితలేదు."

"ప్లేట్స్ రో ఇంకా ఓపెన్ చెయ్యలేదు జితేందర్. పైన రైస్ రో ఖాళీగా ఉంది చూడు."

"రైస్ అంటే చానా వండాలె కదక్కా. శనివారం మాకు షాపింగ్ ఉండె."

"పోయిన నెల కూడా మీవి ప్లేట్సే."

"సరే రాస్కో, రైస్ మేమే తెస్తం," అన్నాడు జితేందర్.

చంద్రిక ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఇరవై రెండేళ్ల కాపురంలో అది కనిపించిన ప్రతిసారీ ఇంట్లో సామాను జరిగింది.

సోమవారం భాగస్వాములందరికీ ఒక షీట్ వెళ్లింది. మొదటి వరస: బ్యాటరీ, ఒకటి, లువెంబే, మార్చి ఒకటిలోగా. కింద ఆ ఏడాదికి కావలసినవన్నీ ఉన్నాయి. శిక్షణలు, సదస్సులు, అధ్యయనం, ఫొటోలు దిగే కార్యక్రమం, కొత్త బోర్డులు. అన్నింటికీ తాళం. పది నిమిషాల్లో వాలెస్ గారు కాల్ చేశారు. వాళ్ల వర్క్‌షాప్‌కు హాలు కూడా మాట్లాడేసుకున్నారట, వరస తెరుచుకోవడం లేదు, సాంకేతిక లోపమేమో చూడమన్నారు. లోపమేమీ లేదనీ, పై వరస నిండగానే అదే తెరుచుకుంటుందనీ చంద్రిక చెప్పింది. మిగతా ఆరుగురూ అదే అడిగారు, అదే విన్నారు.

నలభై నిమిషాలకు వరస నిండింది. నింపింది వాలెస్ గారే. వాళ్ల నియమాలకు ఇబ్బంది రాకుండా దాన్ని 'శక్తి నిల్వ రంగంలో శిక్షణ సామగ్రి' అని రాసుకున్నారు. గ్రేస్ స్టేషన్‌కు రెండు వీధుల అవతల ఉన్న షాపులో బ్యాటరీ కొన్నారు. ఫిబ్రవరి ఇరవై ఏడున అది కంబం ఎక్కింది.

మార్చి ఇరవై ఒకటిన గాలివాన వచ్చింది. మర్నాడు గ్రేస్ నివేదిక వచ్చింది, సోమవారం కాకపోయినా. "ఉదయం ఎనిమిదీ పదికి సైరన్ మోగించాను. మూడు వందల పన్నెండు పడవలు వెళ్లాయి, మూడు వందల పన్నెండూ వచ్చాయి." చంద్రిక దాన్ని నాకు రెండుసార్లు చదివి వినిపించి, మూడోసారి చదవలేక నా చేతికిచ్చింది. ఇద్దరం ఏడ్చాం. అంత సంతోషం మాకు గ్రీన్ కార్డు వచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఆ కాలమంతా సైరన్ తొమ్మిదిసార్లు మోగింది. జూన్‌లో స్వతంత్ర మూల్యాంకన నివేదిక వచ్చింది. శిక్షణలు రెండు వందల నలభై మందికి అందాయి, లక్ష్యాన్ని మించిపోయాయి. సదస్సులు విజయవంతం, ఫొటోలు జతచేశారు. బ్యాటరీ దగ్గరకొచ్చేసరికి మూల్యాంకన నిపుణులకు చిక్కొచ్చిపడింది. ఈ కాలంలో లువెంబేలో ఒక్క పడవా మునగలేదు, ఒక్కరూ చనిపోలేదు. ఏమీ జరగలేదు కనుక బ్యాటరీ వల్ల ఏదో జరిగిందని చెప్పడానికి ఆధారం లేదు. పోల్చి చూసుకోవడానికి వీలుగా, వచ్చే గాలివానల కాలంలో బ్యాటరీ తీసి ఉంచాలని వాళ్లు సిఫారసు చేశారు.

ఆ సిఫారసు మీద పెట్టిన కాల్‌లో చంద్రిక మైక్ ఆన్ చేసి వద్దంది. వినపడలేదేమోనని ఇంకోసారి గట్టిగా అంది. ఆమె అభ్యంతరాన్ని గౌరవంగా నమోదు చేసుకుని, సిఫారసును ఓటుకు పెట్టారు.

ఏడుగురు భాగస్వాములూ ఒక విషయం మీద ఏకగ్రీవంగా అంగీకరించడం మండలి చరిత్రలో అదే మొదటిసారి.